కొంగు ముడిలో ఇంగువ

"కళ్లు మూసుకోండి," అంది భాగీరథి.

"ఎందుకే?"

"మూసుకోమంటే మూసుకోండి. తర్వాత చెప్తా."

వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్న గురురాజ కళ్లు మూసుకున్నాడు. ఏకాదశి కాబట్టి నుదుట ఎర్రటి అక్షింత బొట్టు లేదు, బొగ్గుతో దిద్దిన నల్లటి అంగారపు గీత ఒక్కటే ఉంది. ఆ గీత చుట్టూ చెమట పట్టి ఉంది. పొయ్యి వెలిగించని రోజున వంటింట్లో అంత చెమట ఎందుకు పడుతుందో భాగీరథికి అర్థం కాక కాదు, అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పక ఊరుకుంది.

కొంగు చివర కట్టిన ముడిని ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేమిటో చెప్పండి."

గుమ్మంలో కొడుకు శ్రీశ, వాడి వెనక కోడలు ప్రార్థన నిలబడి చూస్తున్నారు. గురురాజ ఒకసారి గట్టిగా పీల్చాడు. దగ్గు తన్నుకొస్తే ఆపుకుని, ఇంకోసారి పీల్చాడు.

"పచ్చకర్పూరం," అన్నాడు.

భాగీరథి ముడిని ఇంకా దగ్గరికి జరిపింది.

"సరిగ్గా చూసి చెప్పండి."

"చూసేదేముంది? తీర్థంలో వేసే పచ్చకర్పూరమే. నా దగ్గరనా నీ పరీక్షలు?" అని నవ్వబోయాడు.

భాగీరథి ముడి విప్పింది. లోపల వక్కంత ఇంగువ ముద్ద. మాస్కు వేసుకున్న ప్రార్థన కూడా ముక్కు చిట్లించి ఒక అడుగు వెనక్కి వేసింది.

గురురాజ కళ్లు తెరిచి ఆ ముద్దను చూశాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది: "ఏకాదశి పూట ఇంగువ ముట్టుకున్నావా?"

ఆయన ఎట్లా ఆలోచించాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఉపవాసం నాడు భార్య ఇంగువ జోలికి పోదు, పోతే దేవుడి గూట్లోని పచ్చకర్పూరం జోలికే పోతుంది. ముక్కుకు అందనిదాన్ని బుర్రతో అందుకోబోయాడు మహానుభావుడు. భాగీరథికి ఒళ్లు మండిపోయింది.

"ముట్టుకున్నా. ముక్కు పోయిన సంగతి దాచినవారికి నా మడి సంగతి ఎందుకు?" అంటూ ఇంగువను మళ్లీ కొంగున ముడివేసి నడుముకు దోపుకుంది. "ఎప్పటి నుంచి?"

"ఏమి ఎప్పటి నుంచి?"

"వాసన తెలియకపోవడం ఎప్పటి నుంచి అని అడుగుతాండా."

గురురాజ నేల వైపు చూశాడు. వీధిలో పోలీసు జీపు, మధ్యాహ్నం తర్వాత కర్ఫ్యూ అని మైకులో అరుచుకుంటూ పోయింది. అది మలుపు తిరిగి, ఆ అరుపు వినపడకుండా పోయాక చెప్పాడు.

"మొన్న. నవమి పొద్దున లేచినప్పటి నుంచి."

నవమి నాడే ఆయన ఎమ్మిగనూరు పోయి, వెంకోబరావు ఇంట్లో అతని తండ్రి కర్మల వంట చేసి వచ్చాడు.

ఆ వెంకోబరావే ఈ పొద్దున ఫోను చేసి, తిట్టకుండా, కోపగించుకోకుండా, భయంభయంగా అడిగాడు. "అమ్మా, స్వామికి ఒంట్లో బాగుందా? మొన్న పాయసం అడుగంటింది, పులుసులో తిరగమోత మాడింది. అన్నది తప్పయితే మన్నించండి. ఆయన చేతి వంటలో ఎప్పుడూ ఇట్లా చూడలేదు."

ఎప్పుడూ చూడలేదు నిజమే. మంత్రాలయంలో చిన్నప్పుడే వంట నేర్చిన చెయ్యి అది. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఆచారమున్న ఏ ఇంట్లో తద్దినమైనా గురురాజ రావాల్సిందే. దేవుడికి నైవేద్యం కాకముందు వంటను నాలుక మీద పెట్టకూడదు గదా, మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుందని ఎవరైనా అడిగితే ఆయన ముక్కు చూపించేవాడు. ఉప్పు తగ్గిన పులుసు వాసన వేరు, సరిపడిన పులుసు వాసన వేరు అనేవాడు. ఆవిరి పట్టి చూసి చిటికెడు వేస్తే ఇక దానికి తిరుగుండేది కాదు.

ఆ ముక్కే పోయింది. పోయిందని తెలిసి కూడా గరిటె పట్టుకుని ఊరుదాటి పోయాడు.

"తెలిసీ పోయినారా?" అంది భాగీరథి. గొంతు పెంచలేదు. పెంచకపోవడమే గురురాజను ఎక్కువ భయపెట్టింది.

"నేను పోకపోతే ఎవరు పోతారే? కరోనాతో పోయిన మనిషి ఇల్లని నలుగురు వంటవాళ్లు ఫోన్లే ఎత్తలేదు. ఆ పిల్లోడు ఏడ్చినాడు. తండ్రికి ఆకు మీద అన్నం పడదేమోనని ఏడ్చినాడు. నా చెయ్యి ఉంది గదా, వాసన లేకపోతే ఏమి? చేతికి తెలీదా ఎంత ఉప్పో?"

"చేతికి తెలుసు. అడుగంటేది చేతికి తెలుస్తుందా?"

ఆయన పైపంచెతో మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"మాడిన పాయసం పోనీండి. ఆ ఇంట్లో ముసలోళ్లు కూర్చుంటే మీరు వంగి, మొహంలో మొహం పెట్టి వడ్డించినారు. రేపు మళ్లీ పోతానంటారు, సమారాధన భోజనాలు వండేదానికి. ఊరికంతా పంచి వస్తారా?"

"అమ్మా, చాల్లే," అన్నాడు శ్రీశ. "ఇప్పుడది కాదు సంగతి."

"ఏది సంగతి? నువ్వు చెప్పు. ప్రైవేటు బళ్లో నలభైమందికి పాఠం చెప్తావు, మీ అప్పకు ఒక్క మాట చెప్పలేవు."

శ్రీశ తల దించుకున్నాడు. తండ్రికి ఎదురు చెప్పడం వాడికి పుట్టుకతోనే రాలేదు. ముందుకు వచ్చింది ప్రార్థన. పక్కింటి నుంచి తెచ్చిన ఆక్సీమీటరు ఒక చేతిలో, షుగరు చూసే మీటరు ఇంకో చేతిలో పట్టుకుని మామగారి ముందు కూర్చుంది.

"మామయ్యా, వేలు ఇవ్వండి."

"ఏకాదశి నాడు రక్తం..."

"వేలు ఇవ్వండి," అంది భాగీరథి పైనుంచి.

ఆయన వేలు ఇచ్చాడు. క్లిప్పులో ఎర్ర దీపం వెలిగింది. అంకె తొంభై దగ్గర ఊగి, ఎనభైతొమ్మిది అయి, ఎనభైఎనిమిదిలో నిలబడింది. ప్రార్థన క్లిప్పు తీసి, ఆయన వేలు తుడిచి, ఇంకో వేలికి పెట్టింది. అదే అంకె.

"నాకు ఆయాసమే లేదమ్మా. చూడు, మాట్లాడతాండా గదా," అన్నాడు గురురాజ.

మాట్లాడుతూనే ఉన్నాడు. కానీ ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య గాలి కోసం ఆగుతున్నాడని భాగీరథి ఇప్పుడు గమనించింది. పొద్దుటి నుంచీ అట్లాగే ఆగుతున్నాడు. మడి కోసం మెల్లగా మాట్లాడుతున్నాడనుకుంది పిచ్చిది.

రెండో మీటరుకు రక్తపు చుక్క పెట్టగానే ప్రార్థన మొహం పాలిపోయింది.

"నాలుగు వందల అరవై, అత్తయ్యా."

"అబద్ధం," అంది భాగీరథి వెంటనే. "ఆ మిషను పాడయింది. నిన్న రాత్రి నుంచి ఆయన ఏమీ తినలేదు. ఈ పొద్దు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. తినకుండా చక్కెర యాడ నుంచి వస్తుంది? ఆకాశం నుంచి ఊడిపడుతుందా?"

"ఇన్సులిను సూది వేసుకున్నారా?"

"తినని రోజు సూది ఎందుకు? ప్రతి ఏకాదశికీ నేనే తీసి పక్కన పెడతా. నిన్న రాత్రి కూడా నోటికి సయించలేదన్నారు, సరే, సూది వద్దులే అన్నా..."

చెప్తూ చెప్తూ ఆమె ఆగిపోయింది. కోడలి కళ్లల్లో ఏముందో చూసి ఆగిపోయింది.

ప్రార్థన ఫోను తీసి, గురురాజకు ఎప్పుడూ షుగరు చూసే డాక్టరు ప్రేమ్ కుమార్ నంబరు కలిపి, అందరికీ వినపడేటట్టు నేల మీద పెట్టింది. అంకెలు రెండూ చెప్పింది. సూది మానిన సంగతి కూడా చెప్పింది.

"అయ్యయ్యో," అన్నాడు డాక్టరు. "జ్వరం వచ్చినప్పుడు కడుపు ఖాళీగా ఉన్నా చక్కెర పెరుగుతుందమ్మా. ఒళ్లు జబ్బుతో కొట్లాడేదానికి లోపలున్న చక్కెరనంతా బయటికి వదులుతుంది. ఆ సమయంలో మాతో మాట్లాడకుండా సూది ఆపితే దానికి పట్టపగ్గాలుండవు. ఉపవాసం, అందులో నీళ్లు కూడా లేవు. మాట తడబడుతున్నాడా? మత్తుగా ఉన్నాడా?"

"లేదు సార్. కొట్లాడతాండారు," అంది ప్రార్థన.

"మంచిది. కొట్లాడేటప్పుడే తీసుకుపోండి. షుగరున్న ప్రతి మనిషికీ కరోనా ముదురుతుందని నేననను. కానీ చక్కెర ఇంత మీదుండి, ఆక్సిజను ఇంత కిందుంటే, మామూలు మనిషికి నాలుగు రోజులు గడువిచ్చే జబ్బు ఈయనకు రేపటిదాకా కూడా ఇవ్వకపోవచ్చు. ముందు నీళ్లు తాగించండి. ఇప్పుడే. ఏ ఆసుపత్రిలో మంచం దొరికితే ఆడికి పోండి."

ఫోను ఆగిపోయింది. భాగీరథి నేల మీది ఫోనును చూస్తూ నిలబడింది. తాను తీసి పక్కన పెట్టిన సూది. తన చేత్తోనే, పుణ్యమనుకుని, ఎంత భద్రంగా పెట్టిందో. అక్కడే పీట మీద కూలబడింది.

శ్రీశ అప్పటికే వీధి గుమ్మంలో నిలబడి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆదోనిలో తెలిసిన చోటల్లా మంచం లేదన్నారు. అంబులెన్సు సాయంత్రానికి గాని రాదన్నారు. చివరికి వాడితో చదువుకున్నవాడెవడో ఎమ్మిగనూరులో ఆక్సిజను ఉన్న మంచం ఒకటి ఇప్పుడే ఖాళీ అయిందనీ, గంటన్నరలో రాకపోతే ఇంకొకరికి పోతుందనీ చెప్పాడు. ఆ మంచం ఎందుకు ఖాళీ అయిందో శ్రీశ అడగలేదు, వాడూ చెప్పలేదు.

"అప్పా, లెయ్యండి. మన వీధి ఉరుకుందు ఆటో తెస్తాండాడు."

"రేపు," అన్నాడు గురురాజ. "పొద్దున్నే పారణతో ఉపవాసం విడిచి, నేనే నడిచి ఎక్కుతా. ఈ పొద్దు ఏకాదశి."

"రేపటికి మంచం ఉండదు అప్పా."

"ఉండకపోతే దేవుని చిత్తం. ఆసుపత్రిలో ఎవరెవరో వండింది, ఎవరెవరో పెట్టింది తినాల. నావల్ల కాదు. ఇన్నేళ్లు నిలుపుకున్నది ముక్కులో గొట్టం పెట్టుకునేదానికి పోగొట్టుకోమంటారా?"

"మామయ్యా, కనీసం నీళ్లయినా తాగండి," అని ప్రార్థన చెంబు ముందు పెట్టింది. ఆయన చెంబును చేత్తో పక్కకు జరిపాడు. కోపంగా కాదు, తద్దినం ఇంట్లో అక్కర్లేని గిన్నెను పక్కకు జరిపినట్టు మర్యాదగా జరిపాడు.

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఆ మొండివాడికి వంట కూడా వచ్చిందంటే ఇక రాజే వచ్చి ఆయన ముందు ఆకు వేసుకుని కూర్చోవాలి. ఇట్లాంటివాణ్ణి తిట్టీ లాభం లేదు, ఏడ్చీ లాభం లేదు. ఈ మొండితనంతో కాపురం చేసిన భాగీరథికి అది తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పెళ్లయిన కొత్తల్లో జ్వరంతో మూలుగుతూ కూడా ఆయన ఏకాదశి తప్పలేదు. ఆయన తప్పలేదని ఆమె కూడా తప్పలేదు. కాన్పు అయిన ఏడాది కూడా తప్పలేదు.

ఆమె పీట మీది నుంచి లేచింది. ఆయన పక్కకు జరిపిన చెంబు తీసుకుంది. ఆయనకెదురుగా నిలబడి, చెంబు పైకెత్తి, గటగటా తాగేసింది.

"అమ్మా!" అన్నాడు శ్రీశ.

గురురాజ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. పొద్దుటి నుంచి మండుతున్న ఆమె గొంతులో ఆ నీళ్లు గీసుకుంటూ దిగాయి. ఉపవాసానికి గొంతు ఎండిపోయిందనుకుంది భాగీరథి. చెంబు దించి, చెంగుతో మూతి తుడుచుకుంది.

"నా ఏకాదశి పోయింది," అంది.  "నేను మీలో సగం గదా? పెళ్లినాడు అందరి ముందరా చెప్పినారు గదా? మీలో సగం ఇప్పుడే తప్పింది. మిగిలిన సగం పట్టుకుని ఏ వైకుంఠానికి పోతారు? చెప్పండి."

"భాగీ..."

"పాపముంటే నాకే రానీండి. మోస్తా. మీ సూది నేనే తీసి పెట్టినా, నీళ్లు నేనే తాగినా. రెండూ నా నెత్తిమీదే. మీరు మాత్రం బతకండి. నాకు మీరు కావాల. మీ పుణ్యం నాకొద్దు, మీరు కావాల."

అన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె అట్లా బయటికి అనడం అదే మొదలు. కొడుకూ కోడలూ ఉన్నారని కూడా చూసుకోలేదు. ప్రార్థన మొహం పక్కకు తిప్పుకుంది.

 తర్వాత గురురాజ మెల్లగా చెయ్యి చాచాడు. భాగీరథి చెంబు నింపి ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని, లోలోపల ఏదో అనుకుని, తాగాడు. ఒక గుక్క తాగిన తర్వాత ఎంత దాహంగా ఉన్నాడో ఆయనకే తెలిసినట్టుంది, చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"ఒక్క మాట," అన్నాడు రొప్పుతూ. "ఆడ ఎవరు వండినా సరే. నీ చేత్తో పెడితేనే తింటా. ఇంకో చెయ్యి పెడితే నోరు తెరవను. మాటివ్వు."

"ఇచ్చినా."

"చేతిలో చెయ్యేసి ఇవ్వు."

ఆమె చేతిలో చెయ్యేసింది. ఆయన చెయ్యి కాలిపోతోంది.

ఉరుకుందు ఆటోలో ముందుకూ వెనక్కూ మధ్య ప్లాస్టిక్కు పట్టా కట్టి ఉంది. ఈ నెలలో వాడు ఎంతమందిని ఇట్లా మోశాడో వాడికే తెలుసు. గురురాజను ఎక్కించి, భాగీరథి పక్కన కూర్చుంటే, శ్రీశ మోటారుసైకిలు మీద వెనక బయలుదేరాడు. ప్రార్థన సూదుల సంచీ, మీటరు అత్తగారి ఒళ్లో పెట్టి, ఏదో చెప్పబోయి, చెప్పలేక నిలబడిపోయింది.

"సూది సంగతి నన్ను అడిగి ఉంటే..." అంది చివరికి.

"అడగలేదు," అంది భాగీరథి. "నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసులే అనుకుంటి."

ఆదోని దాటి ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. గురురాజ తల భార్య భుజం మీద వాలింది. ఆమె నిమిషానికొకసారి కొంగుతో ఆయన చెమట తుడుస్తోంది, తన మొహమూ తుడుచుకుంటోంది.

"ఏమ్మా, ఇంగువ మూట ఏమన్నా తెచ్చుకుంటివా?" అన్నాడు ఉరుకుందు పట్టా అవతలి నుంచి. "మాస్కు రెండు ఏసుకున్న్యా గుప్పుమంటాంది సూడు."

"రోడ్డు చూసి నడుపు నాయనా," అంది భాగీరథి.

గురురాజ కళ్లు తెరిచాడు. "ఫోను కలుపు."

"ఎవరికి?"

"వెంకోబరావుకు."

"ఇప్పుడా? తర్వాత శ్రీశ చెప్తాడు లెండి."

"నేను వండినా. నేనే చెప్పాల."

ఆమె ఫోను కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది. గురురాజ ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. రేపు రాలేనన్నాడు. మొన్ననే వాసన తెలియలేదన్నాడు, తెలిసీ చెప్పలేదన్నాడు, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండన్నాడు. "తప్పు నాది, నాయనా," అన్నాడు.

 ఆటో చప్పుడుకు వినపడదని భాగీరథి స్పీకరు పెట్టింది.

"మా అమ్మకు రాత్రి నుంచి జ్వరం స్వామీ," అన్నాడు వెంకోబరావు. "ఆమెకు మా అప్ప నుంచి అంటిందో, మీ నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? మేము పిలిస్తేనే గదా వచ్చినారు. ఒక్కటి చెప్పండి, ఆమెకూ షుగరే. ఏం చెయ్యాల?"

గురురాజ భార్య వైపు చూశాడు. భాగీరథే ఫోను తన నోటి దగ్గరికి తీసుకుంది. "సూది మానొద్దు నాయనా. తినకపోయినా సరే, డాక్టరును అడగకుండా మానొద్దు. నీళ్లు తాగించు. వేలికి క్లిప్పు పెట్టి చూడు. ఆయాసం లేదంటుంది, నమ్మొద్దు. విన్నావా? నమ్మొద్దు."

ఫోను పెట్టేసిన తర్వాత భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి మీదుగా పోతుంటే ఏ ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు. ఆసుపత్రి ముందు శ్రీశ అప్పటికే చక్రాల కుర్చీ తెచ్చి నిలబడ్డాడు. మంచం ఇంకా ఉంది. గురురాజ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మొదటిసారి ఎదురుచెప్పలేదు.  కొట్లాడేటప్పుడే తీసుకుపోండి అన్నాడు గదా డాక్టరు.

లోపల పని త్వరత్వరగా జరిగింది. ముక్కుకు ఆక్సిజను పెట్టారు, చేతికి సెలైను పెట్టారు, రక్తం తీశారు, సూది వేశారు. నిలువెల్లా తెల్లటి ప్లాస్టిక్కు సూటులో ఉన్న నర్సు పేరు లావణ్య అని ఆ సూటు మీద రాసి ఉంటే తెలిసింది. శ్రీశను గేటు బయటికి పంపించేశారు. గాజు తలుపు అవతల వరండాలో భాగీరథి ఒక్కతే నిలబడింది. క్లిప్పులో అంకె మెల్లగా పైకి పోతోందని లావణ్య వేళ్లతో సైగ చేసి చూపిస్తే, ఎంత బరువు దిగిందో ఆమెకు. అక్కడే గోడకు చేరబడి ఏడ్చింది.

కొంచెం సేపటికి లావణ్య తలుపు తెరిచి వచ్చింది.

"అమ్మా, పెద్దాయనతో ఏగలేకపోతాండాం. సూది వేసినాం. ఇప్పుడు ఏదో ఒకటి తినాల్సిందే, లేకుంటే షుగరు ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది, అదీ ప్రమాదమే. పెరుగన్నం పెడితే నోరు తెరవడు. నీ పేరే చెప్తాడు."

"నేను పెడితే తింటాడు. మాట తీసుకున్నాడు."

"సరే, రా. చేతులు కడుక్కో, ఈ గౌను తొడుక్కో." లావణ్య గౌను చేతికిస్తూ ఆగి, మాస్కు వెనక ముక్కు ఎగబీల్చింది. "ఏందమ్మా ఇంగువ వాసన? ఇంత మాస్కులోంచి కూడా ఘాటుగా కొడతాంది."

"ముడిలో ఉంది తల్లీ. పొద్దున..."

భాగీరథి మాట అక్కడే ఆగిపోయింది.

ఉరుకుందుకు వాసన తగిలింది. ఈ పిల్లకు తగిలింది. పొద్దున వంటింట్లో ప్రార్థనకు తగిలింది. దారి పొడుగునా ఆ కొంగుతోనే తను మొహం తుడుచుకుంటూ వచ్చింది.

కొంగు ముడిని మెల్లగా పైకి తీసుకుంది. మాస్కు కిందికి జరిపి, ముక్కుకు ఆనించి పీల్చింది. ముడి విప్పి, ముద్దను గోటితో గిల్లి, ఇంకోసారి పీల్చింది. గుడ్డముక్కను వాసన చూసినట్టుంది. గుడ్డ వాసన కూడా లేదు.

పొద్దున డబ్బా చూసి తీసింది గాని, వాసన చూసి తీయలేదు. గొంతు మంట ఉపవాసానిది అనుకుంది. ఒళ్లు నొప్పులు దిగులువి అనుకుంది. నమ్మొద్దు, నమ్మొద్దు అని ఊరందరికీ చెప్పింది.

"అడగడం మరిచిపోయినా," అంది లావణ్య. "లోపలికి వచ్చేవాళ్లను అడగాలమ్మా. నీకు జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం, ఏమన్నా ఉందా? ఉంటే చెప్పు, నిన్ను పరీక్షకు పంపిస్తాం. ఈ వార్డులోకి వచ్చేదానికి లేదు."

గాజు తలుపు అవతల గురురాజ మంచం మీద లేచి కూర్చున్నాడు. ముందర పళ్లెం ఉంది. ఆయా ఎవరో చెంచా పట్టుకుని బతిమాలుతోంది. ఆయన పెదాలు బిగించుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. మాటిచ్చిన చెయ్యి ఎప్పుడు వస్తుందా అని ఆయన చూపు తలుపు మీదే ఉంది.

పొద్దున ఆయన్ను ఏమని అడిగింది తను? తెలిసీ పోయినారా, అని గదా?

"చెప్పమ్మా," అంది లావణ్య.

భాగీరథి ఇంగువను మళ్లీ కొంగున ముడివేసింది. మాస్కు ముక్కు మీదికి లాక్కుంది.

"ముందు నాలుగు ముద్దలు పెట్టి వస్తా తల్లీ," అంది. "వచ్చినాక చెప్తా."

తలుపు తోయబోయిన లావణ్య చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి భాగీరథి కళ్లల్లోకి చూసి, తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపల గురురాజ భార్యను చూసి, ఆయాను పక్కకు జరగమని సైగ చేసి, నోరు తెరిచాడు.